'గారు' ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరికి వాడాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ని. ఇంట్లో తెలుగే, కానీ బడిలో కన్నడం, ఇంగ్లిష్. ఉద్యోగం హైదరాబాద్‌కు మారాక ప్రతి పేరు వెనకా 'గారు' వినిపిస్తోంది. ఇది హిందీ 'జీ' లాంటిదేనా? 'గౌరవం' అనే మాట కుదించుకుపోయి 'గారు' అయిందని ఒకరన్నారు, 'గురు' నుంచి వచ్చిందని ఇంకొకరన్నారు. ఏది నిజం? మా మేనేజర్ నాకంటే చిన్నావిడ. ఆవిడకు కూడా పెట్టాలా?"

ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో చాలాకాలం పనిచేసి, తర్వాత ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు తెలుగు నేర్పుతున్నాను. ఈ ప్రశ్న ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ వస్తుంది. కాస్త వివరంగానే చెబుతాను.

గౌరవమూ కాదు, గురువూ కాదు. 'గారు' అంటే 'వారు'. మీకు కన్నడం వచ్చు కాబట్టి సగం జవాబు మీ దగ్గరే ఉంది. కన్నడంలో 'రామయ్యనవరు బందరు' అంటారు కదా. అక్కడ పేరు వెనక అతుక్కున్న 'అవరు' ఏదో, తెలుగులో 'రామయ్యగారు వచ్చారు' అన్నప్పటి 'గారు' కూడా అదే. ఒక మనిషిని 'వాళ్లు' అని చెప్పడం. అంటే ఇది బిరుదు కాదు, వ్యాకరణం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ తేలిపోతాయి.

రుజువు ఏమిటంటే, ముందు విభక్తులు చూడండి. వారు, వారి, వారిని, వారికి, వారితో. గారు, గారి, గారిని, గారికి, గారితో. మొదటి అక్షరం తప్ప అంతా ఒకటే. 'గౌరవం' నుంచి వచ్చిన మాట అయితే 'గౌరవాన్ని, గౌరవానికి' దారిలో నడవాలి. 'గురు' నుంచి వస్తే 'గురువుని, గురువుకి' దారిలో నడవాలి. అదేమీ లేకుండా అచ్చంగా సర్వనామంలాగా నడుస్తోంది.

మరి 'వ' కాస్తా 'గ' ఎలా అయింది? తెలుగులో ఈ రెండు అక్షరాలూ ఒకదాని చోట ఒకటి రావడం కొత్తేమీ కాదు. అగు అన్నా అవు అన్నా ఒకటే. పగలు అనే మాటకు పవలు అనే పాత రూపం ఉంది. సంస్కృతంలో ప్రవాళం మన దగ్గర పగడం అయింది, పవడం అని కూడా అన్నారు. రెండు అచ్చుల మధ్య పడ్డ 'వ' ఇలా జారుతుంది. పేరు చివరి అచ్చుకూ 'వారు'లోని ఆకారానికీ మధ్య ఇరుక్కున్న 'వ'కు కూడా అదే జరిగింది.

అన్నిటికంటే నాకు బలంగా కనిపించే సాక్ష్యం మాత్రం తిట్టులో ఉంది. 'రాముగాడు' అంటాం కదా. వాడుకు బహువచనం వారు. గాడుకు జత గారు. వాడు, వారు, గాడు, గారు అని పక్కపక్కన రాసుకుంటే ఇక చెప్పడానికేమీ ఉండదు. మనిషిని ఎత్తే ప్రత్యయం, దించే ప్రత్యయం రెండూ ఒకే ఇంటివి.

ఇక్కడ ఒక విద్యార్థి తప్పకుండా చెయ్యి ఎత్తుతాడు: వేటగాడు, అందగాడు, మొనగాడులో ఉన్న 'గాడు' మరి తిట్టు కాదు కదా అని. అది వేరే 'గాడు'. విలుకాడు, వేటకాడులో ఉన్న 'కాడు' అది. ఒక పనో గుణమో ఉన్నవాడు అని అర్థం. తేడా తెలియాలంటే ఆడవాళ్ల రూపం చూడాలి. అందగాడికి అందగత్తె ఉంది, వేటకాడికి వేటకత్తె ఉంది. రాముగాడి పక్కన 'సీతగత్తె' అని ఎవరూ అనరు. గౌరవం చూపించాలని 'వేటగారు' అని కూడా ఎవరూ అనరు, 'వేటగాడుగారు' అన్నా నవ్వుతారు. కాబట్టి పేరు వెనక వచ్చే గాడు, గారు ఒక జంట. మాట వెనక వచ్చే కాడు, కత్తె ఇంకో జంట.

'వారు' అలా 'గారు'గా మారిపోయాక పాత రూపం పోయిందా అంటే, లేదు. రెండూ ఉండిపోయి పనులు పంచుకున్నాయి. ఇదే నాకు చాలా ఇష్టమైన భాగం. అమ్మవారు అంటే గుళ్లో దేవత. అమ్మగారు అంటే ఎవరి తల్లి గురించో మర్యాదగా చెప్పే మాట, లేదా ఇంట్లో పనిచేసేవాళ్లు యజమానురాలిని పిలిచే మాట. ఒక్క అక్షరం తేడాతో దేవత మనిషి అవుతుంది. అయ్యవారు అంటే చాలా ఊళ్లలో బడిపంతులు. అయ్యగారు అంటే యజమాని, లేదా పూజారి. స్వామివారు, శ్రీవారు దేవుడికి. తిరుమలలో 'శ్రీవారి దర్శనం' అంటారు తప్ప 'శ్రీగారి దర్శనం' అనరు. భార్య భర్త గురించి చెప్పేటప్పుడు 'మావారు' అంటుంది, అక్కడా 'గారు' రాదు. సంస్థలకు కూడా వారే: దేవస్థానం వారు, ప్రభుత్వం వారు, పెళ్లికొడుకు తరఫు వారు. మొత్తం మీద దేవుళ్లకు, మఠాధిపతులకు, సంస్థలకు, మొగుళ్లకు పాత రూపం మిగిలింది. రక్తమాంసాలున్న మిగతా పెద్దమనుషులందరికీ కొత్త రూపం వచ్చింది.

ఇంటిపేర్లలోకి కూడా ఎక్కింది. 'అయ్యగారి' అనేది చాలామందికి తెలిసిన ఇంటిపేరే. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఏ.ఎస్. రావు నగర్ చూసే ఉంటారు. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలిసిన కాలనీ అది. 'ఏ' అంటే ఏమిటా అని ఎప్పుడైనా అనుకుని ఉంటే, దానిలోనే ఒక 'గారు' దాగి ఉంది.

ఇప్పుడు మీ 'జీ' సంగతి. దాని పుట్టుక వేరు. సంస్కృతంలోని 'జీవ', అంటే బతుకు, చల్లగా ఉండు అనే దీవెన నుంచి వచ్చిందని ఎక్కువగా చెబుతారు. 'ఆర్య' ప్రాకృతంలో 'అజ్జ' అయి, అక్కడి నుంచి వచ్చిందనే దారి కూడా ఒకటి చూపిస్తారు. సాహెబ్ అరబ్బీ మాట. తోడు ఉన్నవాడు, సొంతదారు అని అర్థాలు. సార్ ఇంగ్లిష్‌లోకి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. దాని మూలం లాటిన్‌లో 'పెద్దవాడు' అనే మాట. వీటన్నిటికీ సొంత అర్థం ఉంది కాబట్టి ఒంటరిగా నిలబడగలవు. పిలిస్తే 'జీ' అని పలకొచ్చు, 'సార్!' అని కేకేయొచ్చు. 'గారూ!' అని ఎవరినైనా పిలిచి చూడండి. కుదరదు. అది ఒక పేరునో, వరసనో, పదవినో పట్టుకునే బతకాలి. పేరు తెలియని మనిషిని పిలవాలంటే 'ఏమండీ' అనాల్సిందే.

ఇంకో తేడా, దీన్ని కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పుతారు. 'గారు' అన్నాక క్రియ బహువచనంలోనే ఉండాలి. 'రావుగారు వచ్చాడు' అంటే గౌరవం సగంలో తెగిపోయినట్టు ఉంటుంది. హిందీలోనూ 'జీ' ఉంటే 'ఆయే హైఁ' అని బహువచనమే వస్తుంది, నిజమే. కానీ అక్కడ గౌరవపదం ఒకటి, బహువచనం ఒకటి, రెండూ కలిసి నడుస్తాయి. ఇక్కడ గౌరవపదమే బహువచనం.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఆసక్తికరం. తెలుగు ఏకవచన క్రియలో మగవాళ్లకు ఒక రూపం, ఆడవాళ్లకూ పశువులకూ వస్తువులకూ కలిపి ఇంకో రూపం. లక్ష్మి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనానికి వెళితే గీత వేరేచోట పడుతుంది: మనుషులందరూ ఒకవైపు, మిగతావన్నీ ఇంకోవైపు. లక్ష్మిగారు వచ్చారు, ఆవులు వచ్చాయి. అంటే ఒక మగవాడికి 'గారు' చేరిస్తే మర్యాద మాత్రమే పెరుగుతుంది. ఒక స్త్రీకి చేరిస్తే ఆవిడ క్రియలో బస్సుల వరస నుంచి మనుషుల వరసలోకి వస్తుంది. వ్యాకరణం రాసినవాళ్లు దీన్ని కావాలని పెట్టారని అనను. కానీ 'గారు'కు శ్రీ, శ్రీమతి లాంటి ఆడ మగ రూపాలు లేకపోవడానికి కారణం మాత్రం ఇదే. 'వారు'కు లింగభేదం లేదు, అందుకని దీనికీ లేదు. పెళ్లయిందా లేదా అనే గొడవ అసలే లేదు.

ఒకరిని బహువచనంలో చెప్పే అలవాటు 'గారు'తో మొదలవలేదు. సంస్కృతంలోనూ 'ఆదరార్థే బహువచనం' అనే మాట ఉంది. మనకు '-లు' ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలిన ఒక్క రాజు, కానీ పేరు చివర బహువచనం. పంతులు, శాస్త్రులు, దీక్షితులు, సోమయాజులు, ఆచార్యులు, అన్నీ అంతే. వెంకటేశ్వర్లు, ఆంజనేయులు, రాములు, శ్రీనివాసులు అనే పేర్లలో ఉన్నదీ అదే 'లు'. దేవుడి పేరు కదా, ఏకవచనంలో పిలవడం ఎందుకని పెట్టుకున్నది.

అయితే గౌరవం వాడేకొద్దీ అరిగిపోతుంది. 'వెంకటేశ్వర్లు ఇంకా రాలేదేంట్రా, వాడికి ఫోన్ చెయ్' అంటాం. పేరు చివర ఆ 'లు' ఉన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అది అరిగిపోయింది కాబట్టి పెద్దాయనైతే మళ్లీ 'వెంకటేశ్వర్లుగారు' అనాలి. గౌరవం మీద గౌరవం. తమిళంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. 'అవర్' అంటే మొదట వారు అనే బహువచనం. ఒక మనిషిని గౌరవంగా చెప్పడానికి వాడీ వాడీ అది ఏకవచనంలా అయిపోయింది. అప్పుడు దానికి 'గళ్' అనే ఇంకో బహువచన ప్రత్యయం తగిలించి 'అవర్గళ్' చేశారు. తర్వాత అదీ పేరు వెనక గౌరవపదం అయి కూర్చుంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు కాగితాలు చూస్తే పేరుకు ముందు 'మహారాజరాజశ్రీ' కుదించి మ.రా.రా.శ్రీ అని ఉంటుంది. పేరు తర్వాత తమిళులకు 'అవర్గళ్', తెలుగువాళ్లకు 'గారు'. ఇంగ్లిష్‌లో రాసిన సర్కారు కాగితాల్లోనూ అంతే. దొరలకు అర్థమైందో లేదో గాని, ఆ రెండు మాటలూ ఒకదానికొకటి అనువాదాలు.

మన సభల్లో ఈ అరుగుదల ఇప్పటికీ కళ్లారా చూడొచ్చు. మైకు పట్టుకున్నాయన 'పెద్దలు, పూజ్యులు, మాన్యశ్రీ మంత్రివర్యులు శ్రీ ఫలానా గారు' అంటాడు. ఆ ఒక్క మనిషిలో ఎన్ని బహువచనాలు ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

ఇక అందరూ దాటేసే సంగతి ఒకటి చెప్పాలి. 'గారు' తీయగా ఉంటుంది, కానీ అది అందరికీ దక్కిన మాట కాదు. ఒకే ఊళ్లో, ఒకే వయసున్న ఇద్దరిలో ఒకాయన సుబ్బారావుగారు, ఇంకొకాయన సుబ్బిగాడు. తేడా భూమి, కులం. పదేళ్ల పిల్లవాడు డెబ్బై ఏళ్ల పాలేరును 'ఒరే' అనేవాడు, ఆ ముసలాయన ఆ పిల్లవాణ్ని 'చినబాబుగారూ' అనేవాడు. కోస్తా పల్లెల్లో వినిపించే 'గోరు' అనే రూపం, 'రాజుగోరు', 'అమ్మగోరు' లాంటివి, సినిమాల్లో పనివాళ్ల నోట హాస్యానికి పెట్టేశారు గాని, ఆ పలుకు వెనక ఉన్నది ఈ లెక్కే. గాడు, గారు ఒకే ఇంటివని పైన అన్నాను. ఒక ఊళ్లో ఎవరు ఏ వైపు పడాలో తేల్చింది వ్యాకరణం మాత్రం కాదు.

తెలంగాణలో కథ కొంచెం వేరుగా నడిచింది. నిజాం కాలంలో అక్కడ భూమి ఉన్నవాడికి వాడిన మాట 'దొర'. 'నీ బాంచన్ దొరా, కాల్మొక్తా' అనే మాటలో ఉన్న దొర ఆయనే. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఆ దొరతనం మీదే. అదే 'దొర' కోస్తాలో తెల్ల అధికారికి వాడారు, గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ 'కాటన్ దొర' అని ఆప్యాయంగానే అంటారు. ఒకే మాట, రెండు చోట్ల రెండు జ్ఞాపకాలు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లను అన్నా, పటేలా, సారూ అని పిలవడం ఎక్కువ. పాత బస్తీ ప్రభావంతో సాబ్, భాయ్ కూడా. పెద్దాయన గురించి 'సారు వచ్చిండు' అంటే అందులో తక్కువ చేయడం లేదు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు అది విని 'వీళ్లకు మర్యాద తెలియదు' అనుకోవడం, వీళ్లు వాళ్ల గారు, అండీ విని 'నాటకం' అనుకోవడం, రెండూ పొరపాటే. మర్యాద వేరేచోట పెట్టుకున్నారు, అంతే. రాయలసీమలో అయితే 'అన్నా', 'అప్పా', 'స్వామీ' ఆ పని చేస్తాయి.

పత్రికల పద్ధతి ఒకటి చెబితే మీకు చదివేటప్పుడు ఉపయోగం. వార్తల్లో పేర్ల వెనక 'గారు' రాయం. కానీ దాని నీడను మాత్రం క్రియలో ఉంచుతాం. మంత్రి 'చెప్పారు', నిందితుడు 'చెప్పాడు'. మరి మంత్రే నిందితుడైతే? డెస్క్‌లో దీని మీద వాదనలు జరిగేవి. మామూలుగా 'అరెస్టయ్యారు' అనే రాస్తాం. క్రికెటర్ మాత్రం ఎంత గొప్పవాడైనా 'సెంచరీ కొట్టాడు'. అది చిన్నచూపు కాదు, మనవాడు అనే చనువు. దేవుణ్ణి 'నువ్వే దిక్కు' అనడం లాంటిది. నాయకుల్లో ఎన్.టి. రామారావుది వింత కేసు. చనువు చూపించే 'అన్న'కు దూరం చూపించే 'గారు' అతికించి 'అన్నగారు' చేశారు జనం. రెండూ ఒకే మనిషికి సరిపోయాయి.

వాడకంలో మీకు పనికొచ్చేవి కొన్ని. తన పేరుకు తాను 'గారు' పెట్టుకోకూడదు. ఫోన్‌లో 'నేను శర్మగారిని మాట్లాడుతున్నా' అంటే అవతలివాళ్లు నవ్వు ఆపుకోలేరు. 'శర్మగారి అబ్బాయిని' అనొచ్చు, అక్కడ గౌరవం తండ్రికి. ఇంట్లో నాన్నకు 'నాన్నగారు' అనే ఇళ్లు చాలా ఉన్నాయి, సొంత అమ్మను 'అమ్మగారూ' అని పిలిచే ఇళ్లు అరుదు. అమ్మ వచ్చింది, నాన్నగారు వచ్చారు. ఎందుకంటే ఏం చెప్పను, ఆ ఇళ్లలో ఎవరంటే భయమో ఎవరంటే చనువో మీరే ఊహించుకోండి. ఎదుటివాళ్ల తల్లి గురించి అడిగేటప్పుడు మాత్రం 'మీ అమ్మగారు బాగున్నారా' అనే అడగాలి. అత్తమామలను పిలవడానికి అత్తయ్యగారు, మామయ్యగారు. వియ్యాలవారి ఇంట్లో అనుమానం వస్తే పెట్టేయండి; ఎక్కువైందని ఎవరూ అలగరు, తక్కువైతే మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

వెటకారానికి కూడా ఇది బాగా పనికొస్తుంది. పది గంటలకు లేచిన కొడుకును 'మహారాజుగారు లేచారా' అంటుంది తల్లి. ఇన్నాళ్లూ 'ఏరా' అన్న స్నేహితుడు హఠాత్తుగా మిమ్మల్ని 'గారు' అన్నాడంటే ఎక్కడో బాగా నొచ్చుకున్నాడని అర్థం. ఫోన్ చేసి మాట్లాడుకోవడం మంచిది.

విడిగా రాయాలా, కలిపి రాయాలా అని కూడా చాలామంది అడుగుతారు. ప్రత్యయం కాబట్టి 'రామారావుగారు' అని కలపడం పాత పద్ధతి. ఇప్పుడు విడదీసి రాసేవాళ్లే ఎక్కువ. ఏదో ఒకటి ఎంచుకుని, ఒక ఉత్తరంలో అదే పాటించండి. 'శ్రీ' ముందు, 'గారు' వెనక రెండూ పెట్టడం శుభలేఖల్లో స్థిరపడిపోయింది, తప్పేమీ లేదు. 'సార్ గారు', 'మేడమ్ గారు' మాత్రం వద్దు. డాక్టర్‌గారు, కలెక్టర్‌గారు సరే, అవి పదవులు. సార్ ఇప్పటికే గౌరవపదం.

ఇక మీ మేనేజర్. ఆవిడ మీకంటే చిన్నదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పరిచయం ఎంతన్నదే లెక్క. మొదటి ఈమెయిల్లో, నలుగురి ముందు మీటింగులో పేరుకు 'గారు' చేర్చండి. ఆఫీసులో అందరూ ఇంగ్లిష్‌లో ఉట్టి పేర్లతో పిలుచుకుంటుంటే ఇంగ్లిష్ మాటల్లో మీరూ అలాగే పిలవండి, తెలుగులోకి మారినప్పుడు మాత్రం 'గారు', 'మీరు' తెచ్చుకోండి. ఆవిడే 'గారు వద్దండీ' అంటే ఒకసారి మొహమాటపడి మానేయొచ్చు. అప్పుడు కూడా 'మీరు' వదలకండి. పేరులోంచి గారు తీసేసినంత మాత్రాన 'నువ్వు'కు దిగమని కాదు. చిక్కల్లా మీ కింద పనిచేసేవాళ్లతోనూ, ఆఫీసు డ్రైవర్‌తోనూ, సెక్యూరిటీ ఆయనతోనూ వస్తుంది. పేరు తెలుసుకుని దానికే 'గారు' చేర్చి పిలవండి. మొదట్లో వాళ్లే కాస్త ఇబ్బంది పడతారు, వారం తిరిగేసరికి అలవాటైపోతుంది.